హక్కుదారులు లేని శిథిలం: పాత్రధారణ క్రీడల్లో భారతీయ పురాణ స్వీకరణ

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అద్భుత కల్పన ప్రధానమైన పాత్రధారణ క్రీడలకు ఒరవడి పెట్టింది. పాడుబడిన కోట, దాని కింది నేలమాళిగలు, నిక్షేపాలు, వాటిని కాచే వికృతజీవులు ఈ క్రీడకు మూల రంగస్థలం. ఇందులో శిథిలం ఒక నైతిక సౌలభ్యాన్ని కల్పిస్తుంది. కట్టినవారు గతించారు కనుక అక్కడి సొత్తుకు హక్కుదారు లేడు. కాపలా ఉన్నది వికృతజీవి కనుక వధకు దోషం లేదు.

పురాణాలనూ ఈ క్రీడ శిథిలాలుగానే పరిగణించింది. 1980లో వెలువడిన ‘డెయిటీస్ అండ్ డెమిగాడ్స్’ గ్రీకు, ఈజిప్టు దేవతల సరసన ఇంద్రుణ్ణి, అగ్నిని, విష్ణువును చేర్చి, వారి ప్రాణబలాన్ని అంకెల్లో నిర్ణయించింది. ప్రాచీన ఆరాధన అంతరించిన దేవతలకూ నేటికీ నిత్యపూజలందుకొనే దేవతలకూ గల భేదం ఆ అంకెల్లో కనిపించదు.

1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోని రాక్షసుడు మరింత స్పష్టమైన ఉదాహరణ. చిత్రంలో అతనికి పులి తల, చేతిలో పొగగొట్టం ఉంటాయి. పవిత్రీకరించిన బాణం అతనికి మృత్యువు. ఈ చివరి లక్షణానికి మూలం రామాయణం కాదు, ‘కోల్చాక్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహిక. మాయోపాయం మాత్రం కామరూప విద్యకు దూరపు ఛాయగా మిగిలింది. మార్చడమే దోషమైతే రంగనాథ రామాయణం మొదలు విశ్వనాథ ‘రామాయణ కల్పవృక్షం’ వరకు ఏదీ నిలవదు. దోషం వేరొకచోట ఉంది. ఈ గ్రంథం రాక్షసజాతి స్వభావాన్ని ‘దుష్టం’ అని ముందే నిర్ణయించింది. ఆ నిర్ణయంలో విభీషణుడికి చోటు లేదు. ధర్మాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ రాక్షసుడికీ ఉండటమే ఇతిహాసంలోని సంఘర్షణకు ప్రాణం.

హంపి ఈ నమూనాకు ప్రత్యాఖ్యానం. 1565 యుద్ధానంతరం విజయనగరం పాడుబడినా విరూపాక్షాలయంలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. సమీపంలోని అంజనాద్రిని భక్తులు హనుమంతుని జన్మస్థలమంటారు. ఆ ప్రతిష్ఠ తిరుమల కొండదని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. అంటే ఇక్కడ శిథిలానికీ పురాణానికీ కూడా హక్కుదారులున్నారు, వారి మధ్య వివాదమూ ఉంది.

తెలుగులో ఇటువంటి క్రీడను రచించేవారికి ఈ వివాదమే విలువైన వస్తువు. గుడిలో దీపం పెట్టే మనిషి ఎదురైన క్షణంలో నిధి కోసం వచ్చిన వీరుడు తానెవరో చెప్పుకోవలసి వస్తుంది. పాత్రధారణ అనే మాటకు సార్థకత ఆ సమాధానంలో ఉంది.