చేతిని చూడకముందే

చలికాలం వస్తే మా అమ్మ అరచేతులు బీటలు వారేవి. మల్దకల్ తిమ్మప్ప జాతర నాటికి వేళ్ల సందుల్లో రసి కారేది. విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని ఆమెది. సాయంత్రం మొగ్గలు ఒలిచి కేసరాలు తీసేయాలి, తెల్లారి మగపువ్వు పుప్పొడి రుద్దాలి. ఆ పనికి వేలిగోరే పనిముట్టు. రాత్రంతా గోకుతూ కూర్చునేది. ఓ మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే వారంలో తగ్గేది, మానేస్తే రెట్టింపయ్యేది. ఇలా ఐదేళ్లు గడిచాయి.

చివరికి గద్వాలలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేతులు చూడకముందే పనులు అడిగారు. "గిన్నెలు దేనితోని తోముతవమ్మా? పురుగుమందు కొట్టిన చేన్లకు ఎన్నాళ్లకు దిగుతవ్? దురద ఏ యాళ్లకు ఎక్కువైతది?" అరగంట అడిగాక గానీ అరచేయి తిప్పి చూడలేదు.

అమ్మకున్నది తామర. కానీ మనం ఆ ఒక్క మాటతో రెండు రోగాలను పిలుస్తాం. ఫంగస్‌తో వచ్చేది ఒకటి, ఎగ్జిమా ఇంకొకటి. చరకుడు 18 రకాల కుష్ఠాలను, అంటే చర్మరోగాలను, లెక్కపెడుతూ ఫంగస్ తామరను పోలిన దద్రువును, ఎగ్జిమాను పోలిన విచర్చికను వేర్వేరుగా చెప్పాడు. దురద, నల్లబారిన పొక్కులు, ధారగా రసి ఉంటే విచర్చిక. పొడిబారి గీతలు పడేదాన్ని సుశ్రుతుడు అదే పేరుతో పిలిచాడు. అమ్మ చేతుల్లో రసి, పగుళ్లు రెండూ ఉన్నాయి. ఫంగస్ తామరకు, ఎగ్జిమాకు తేడా తెలియడం చాలా అవసరం. ఫంగస్ తామరకు స్టెరాయిడ్ ట్యూబు రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది, రోగం మాత్రం చుట్టూ పాకుతుంది.

ఆయుర్వేదంలో చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనం. రోగాన్ని పుట్టించేదాన్ని ముందు వదలాలి. అమ్మ చేను వదల్లేదు, కూలి పోతుంది. అందుకే వదలగలిగినవి వదిలింది. ఘాటు సబ్బు మానేసింది. గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకుంది. చేను నుంచి రాగానే చేతులు కడిగి, తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించింది. చర్మరోగాలకు చరకుడు శ్రేష్ఠమన్న చండ్ర చెక్కతో కషాయం వైద్యుడు ఇచ్చారు.

మూడు నెలలకు రసి ఆగింది. రోగం పూర్తిగా పోలేదు, చలికి మళ్లీ తలెత్తుతుంది. చీము పడితే, జ్వరం వస్తే చర్మవైద్యుడి దగ్గరికి పోతాం. పేరులేని పొడులు మాత్రం ముట్టం.

ఇప్పుడు వాడలో ఎవరైనా చేయి చాపి మందు పేరు అడిగితే అమ్మ వెంటనే చెప్పదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఏం పని చేస్తున్నవే పిల్లా?" అని అడుగుతుంది.