తల్లిని చదివిన పుస్తకాలు

కామారెడ్డి బస్టాండులో నాలుగున్నరేళ్ళ మా వాడు బోర్డులన్నీ గడగడా చదివేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ముచ్చటపడి చూస్తారు. ఎల్లారెడ్డి, లింగంపేట, బాన్సువాడ, బోధన్. బస్సు పేరుతో ఆగడు. లోపల రాసిన హెచ్చరికలు, 'స్త్రీలకు మాత్రమే' అన్న సీట్లు, ఒళ్ళో పొట్లం కట్టిన కాగితం, అన్నీ అయిపోవాలి. మొన్న ఒక పెద్దావిడ "నువ్వేం సదివినవ్ బిడ్డా?" అని అడిగింది. పీహెచ్‌డీ అని చెప్తే "ఇగ జూడు, తల్లి సదువు కొడుక్కొచ్చింది" అని సంతోషపడింది. బస్సు కదిలాక వాడికి దాహమేసింది. నా వైపు చూడకుండానే "నీళ్ళు తాగుతవా?" అన్నాడు. తనకు నీళ్ళు కావాలని దానర్థం. బోర్డు మీది ప్రతి అక్షరం చదివే పిల్లాడు "అమ్మా, నాకు దాహమైతుంది" అని ఇంతవరకూ అనలేదు.

ఎవరూ నేర్పకుండానే చిన్న వయసులో అక్షరాలు పట్టుబడి, అర్థం మాత్రం వెనకబడి ఉండటాన్ని హైపర్‌లెక్సియా అంటారు. నార్మన్ సిల్బర్‌బర్గ్, మార్గరెట్ సిల్బర్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకులు 1967లో దీనికా పేరు పెట్టారు. మా వాడికి ఆటిజం కూడా ఉండొచ్చంటున్నారు. ఆ 'ఉండొచ్చు' దగ్గరే మేం ఏడాదిగా ఉన్నాం. చేతనైంది చదవడమే కాబట్టి చదవడం మొదలుపెట్టాను. డాక్టర్లు రాసిన పుస్తకాలను కూడా కథలూ నవలలూ చదివినట్టే చదివాను. ఇంకోలా చదవడం నాకు రాదు.

అలా చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. ఆ 1967లోనే ఇంకో రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి షికాగోలో పిల్లల కోసం ప్రత్యేక పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్', అంటే ఖాళీ కోట. రెండోది క్లారా పార్క్ అనే తల్లి, ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని పాఠాలు చెప్పిన ఆవిడ, తన కూతురి గురించి రాసిన 'ది సీజ్', అంటే ముట్టడి. ఒకే ఏడాది ఒకాయన కోట అన్నాడు, ఒకావిడ ముట్టడి అంది.

బెటెల్‌హైమ్ 1938-39లో నాజీల నిర్బంధ శిబిరాల్లో ఉండి వచ్చినవాడు. తన చుట్టూ శిబిరంలో మనుషులు ఎలా మూగబోయారో చూశాడు. ఆటిజం ఉన్న పిల్లలూ అలాగే ఉన్నారనుకున్నాడు. మరి ఇక్కడ శిబిరం ఏది? ఇల్లు. కాపలాదారు ఎవరు? తల్లి. ఈ బిడ్డ లేకపోతే బావుండునని తల్లిదండ్రులు లోలోపల కోరుకోవడమే దీనికి మూలమని రాశాడు. మనసు కదిలించేలా రాయగలిగినవాడు కావడంతో ఆ పుస్తకం ఇంకా ఎక్కువ హాని చేసింది. సాహిత్య విమర్శలో ఒక ఉపమానాన్ని ఇంత దూరం లాగితే మా గైడ్ ఒప్పుకునేవారు కాదు. అక్కడ మాత్రం ఆ ఉపమానాన్ని పట్టుకుని పిల్లలను తల్లుల నుంచి విడదీశారు. మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి కూడా అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్, ఇది శరీర ధర్మానికి సంబంధించినదని 1964లోనే పుస్తకం రాసి ఉన్నాడు. అయినా తల్లి మీది అభియోగం పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పోయిందని కూడా ఎలా అనను? మా అత్తమ్మ బెటెల్‌హైమ్ పేరు వినలేదు. "కడుపుతోనున్నప్పుడు సుత పుస్తకాలే, పుట్టినంక సుత పుస్తకాలే. పోరనితోని ఏనాడన్న ముచ్చట వెట్టినవా?" అంది. ఆమెను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నా థీసిస్ ఆఖరి అధ్యాయం రాస్తున్న నెలల్లో వాణ్ణి రాత్రిళ్ళు భుజాన వేసుకుని తిరిగింది ఆమే. కానీ షికాగో ప్రొఫెసరూ కామారెడ్డి అత్తగారూ ఒకే వాక్యం అనగలిగారంటే, ఆ వాక్యం ఆ ఇద్దరి కన్నా పాతదని తెలుస్తూనే ఉంది.

ఆటిజాన్ని 1943లో మొదట వర్ణించిన లియో కానర్ దగ్గరా ఇదే చిక్కు ఉంది. ఆయన వ్యాసంలోని పదకొండు మంది పిల్లల్లో అక్షరమాల, పద్యాలు, పేర్ల జాబితాలు అప్పజెప్పేవాళ్ళున్నారు. చదువుకున్న తల్లిదండ్రులు వాటిని పిల్లలకు కూరిన మాట చెప్పి, ఆ కూరడం కూడా కారణమేనా అని ఆయన సందేహపడ్డాడు. తెలుగిళ్ళలో ఇది చదివితే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. వేమన పద్యం అప్పజెప్పిన పిల్లవాడికి చప్పట్లు కొట్టి, వాడు జవాబు చెప్పని రోజున "అన్ని పద్యాలెందుకు నేర్పినవ్" అని అడిగేదీ మనమే. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి మిమ్మల్ని నిర్దోషులుగా విడుదల చేస్తున్నానన్నాడు. విడుదల సరే, బోను ఎక్కించిందెవరు?

క్లారా పార్క్ పుస్తకం నాకు ఆసరా అయింది. తల్లిని అనుమానితురాలిగా కాక పరిశీలకురాలిగా నిలబెట్టిన పుస్తకమది. కూతురు ఏ రోజు ఏం చేసిందో ఆవిడ రాసుకున్న తీరు ఏ పరిశోధకురాలైనా నేర్చుకోదగ్గది. అయినా రెండు చోట్ల నాకు గుచ్చుకుంది. ఒకటి, ఆ ఇంట్లో పాపకు తోడుండే అమ్మాయిలున్నారు, పుస్తకం రాసుకునే తీరికను ఎలాగోలా సంపాదించుకునే వీలుంది. రెండోది ఆ పేరు. ముట్టడి అంటే బిడ్డ గోడ లోపల, తల్లి సైన్యంతో బయట. మాకు దగ్గర్లో దోమకొండ కోట ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, నేను మా వాడి చుట్టూ నిలబడి గోడ ఎక్కడ బలహీనంగా ఉందో వెతుకుతున్నానా అని బెంగపడతాను. జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న రచయిత 1993లో తల్లిదండ్రులకు చెప్పింది అదే: చిప్ప లోపల దాగిన మామూలు పిల్లవాడంటూ ఎవరూ లేరు, ఆటిజమే ఆ మనిషి ఉన్న తీరు. ఆ మాట చదివి ఒక రాత్రంతా నిద్రపోలేదు. లోపల ఇంకో పిల్లవాడు ఉన్నాడనే నేనూ అనుకుంటూ ఉన్నాను మరి.

అలా అనుకోవడానికి శాస్త్రం కూడా ఒక కిటికీ తెరిచి ఉంచింది. డారొల్డ్ ట్రెఫర్ట్ హైపర్‌లెక్సియాను మూడు రకాలుగా విడదీశాడు. మూడో రకంలో ఆటిజంలా కనిపించే లక్షణాలు వయసుతో పాటు తగ్గిపోతాయంటాడు. ఆ మూడో రకం పేజీ నా దగ్గర నలిగిపోయింది. కానీ 2017లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం హైపర్‌లెక్సియా ఉందన్న కేసుల్లో 84 శాతం ఆటిజం ఉన్నవాళ్ళే. ఆ అంకె చూశాక నలిగిన పేజీని ఇంకోసారి తీయడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

ఈ పుస్తకాల్లో దేనిలోనూ తెలుగు లేదు. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం. గుణింతం పట్టుబడితే ఏ పేజీ అయినా చదవొచ్చు. అందుకే అర్థం కాకుండా చదువుతున్న తెలుగు పిల్లవాణ్ణి పట్టుకోవడం కష్టం, తప్పు పోయే చోటే ఉండదు. సర్వనామాల సంగతీ అంతే. ఇంగ్లీషు పిల్లలు 'నేను'కు బదులు 'నువ్వు' అంటారని కానర్ రాశాడు. మన మాటల్లో నేనూ నువ్వూ తరచుగా వినపడనే వినపడవు, క్రియ తోకలో ఉంటాయి. మా ఇంటి భాషలో 'తాగుత' అంటే నేను, 'తాగుతవు' అంటే నువ్వు. ఆ 'వు' ఒక్కటే తేడా. మా వాడు తిప్పి మాట్లాడుతున్నాడని నాకే ఏడాది దాకా తెలియలేదు, వాడు నన్ను నీళ్ళు తాగమంటున్నాడని మురిసిపోయి తాగేదాన్ని.

ఇక్కడి ఒక బడిలో మొదటి నెల వాణ్ణి స్టేజీ ఎక్కించి పేపరు చదివించారు. నాలుగో నెలకు "మేడం, వేరే స్కూల్ చూసుకోండి" అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ఉన్న ఏ బడీ అలా అనకూడదు. ఆ మాట నేను వాళ్ళతో అనలేదు. సెక్షన్ ఎత్తితే సర్టిఫికెట్ అడుగుతారు. సర్టిఫికెట్ తెస్తే 'ఉండొచ్చు' పోయి 'ఉంది' వస్తుంది. మాతృత్వం మీద రెండొందల యాభై పేజీల థీసిస్ రాసిన మనిషి ఆ గదిలో నోరు మెదపకుండా పిల్లవాడి బ్యాగు సర్దుకుని వచ్చింది.

ఎల్లారెడ్డిలో మా అమ్మకు చదువు రాదు. వాడు పప్పు పొట్లం మీదా, గోడ మీది పోస్టర్ మీదా చదువుతూ పోతే ఆమె వంట చేస్తూ వింటుంది. "ఏం సదివినవ్‌రా? ఉప్పా? ఏదీ, తే" అంటుంది. వాడు ప్యాకెట్ తెచ్చి ఇస్తాడు. చిటికెడు వాడి నాలుక మీద పెడుతుంది. "నీళ్ళు తాగుతవా?" అని వాడంటే, వాడి పక్కకొచ్చి కూర్చుని, వాడి గొంతులో "తాగుత అమ్మమ్మా" అని తనే జవాబు చెప్పి గ్లాసు ఇస్తుంది. పిల్లలు విన్నమాట తిరిగి అనడం కూడా ఒక సంభాషణేనని 1980ల్లో బ్యారీ ప్రైజెంట్ వంటివాళ్ళు పరిశోధించి చెప్పారు. ఆమెకు చెప్తే "గది తెలువదా?" అంది. పోయిన సంక్రాంతికి వాడు ఒక్కసారి "తాగుత" అన్నాడు. మళ్ళీ అనలేదు.

పోయిన వారం సికింద్రాబాద్ వెళ్ళాం. పరీక్షలకు ముందు నింపమని ఒక ఫారం ఇచ్చారు, ఇంగ్లీషులో. వాడు నా మోచేతి కింద నుంచి తొంగిచూసి పైకి చదవడం మొదలుపెట్టాడు. నేమ్ ఆఫ్ ద చైల్డ్. డేట్ ఆఫ్ బర్త్. మదర్స్ ఎడ్యుకేషన్. బల్ల అవతలి అమ్మాయి "అబ్బ, ఎంత బాగా చదువుతున్నాడు" అంది. నేను పీహెచ్‌డీ అని రాశాను. దాని కిందే ఇంకో గడి ఉంది, గర్భంతో ఉన్నప్పుడు తల్లి మానసిక ఒత్తిడికి గురైందా అని. అవును, కాదు అని రెండు చిన్న డబ్బాలు. వాడు అదీ చదివేసి, తర్వాతి పేజీ తిప్పమని నా చెయ్యి లాగుతున్నాడు.