కర్ణం కొలవని పొలం

ఎచ్చెర్ల వైపు గెడ్డ పక్కన, నాలుగు గట్లూ తలా 50 గజాలున్న మడి ఒకటి ఉందనుకుందాం. విస్తీర్ణం ఎంత? ఎదురెదురు భుజాలు కలిపి సగం చేసి, ఆ రెండు సగాలనూ గుణించమంటుంది పాత లెక్క. 2500 చదరపు గజాలు, అంటే 51 సెంట్ల పైచిలుకు. మూలలు మట్టానికి కుదిరితే అది నిజమే. మడి కాస్త ఒరిగి కర్ణాలు 60, 80 గజాలయితే 2400కి దిగుతుంది. 28, 96 అయితే 1344. 28 సెంట్లు కూడా రావు. గట్టు ఒక్క గజమూ తరగలేదు, పొలం మాత్రం దాదాపు సగమైపోయింది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన, 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసార సంగ్రహం వ్యావహారికం (పై పాత లెక్క లాంటి మోటు లెక్క), సూక్ష్మం అని రెండు ఫలాలు చెప్పే సంప్రదాయానిది. వృత్తం చుట్టుకొలత మోటు లెక్కలో వ్యాసానికి 3 రెట్లు, సూక్ష్మంలో 10 వర్గమూలమన్ని రెట్లు. చిత్రమేమిటంటే, చతుర్భుజానికిచ్చిన సూక్ష్మ సూత్రం కూడా మన ఒరిగిన మడికి 2500 అనే అంటుంది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడితేనే అది చెల్లుతుంది. అందుకే 1150 నాటి లీలావతిలో భాస్కరుడు, కర్ణమో లంబమో చెప్పకుండా వైశాల్యం అడిగేవాణ్ణి పిశాచమన్నాడు. జవాబు చెప్పేవాణ్ణి అంతకు మించినవాడన్నాడు.

ఈ తిట్టులో పెద్ద తత్త్వమే ఉంది. వృత్తం విషయంలో జవాబు ఒక్కటే, మన సూత్రాలే దాని దగ్గరికి వెళ్తున్నాయి. చతుర్భుజంలో అలా కాదు, ప్రశ్నే సగంలో ఆగింది. ఈ రెండింటిలో ఏ బాపతో తేలని ప్రశ్న నేటి గణితంలోనూ ఒకటుంది. సహజ సంఖ్యల గుంపు కంటే పెద్దదీ, వాస్తవ సంఖ్యల గుంపు కంటే చిన్నదీ అయిన అనంతం లేదంటుంది కంటిన్యుయం హైపాథసిస్. సమితుల సిద్ధాంతానికి మనం ఒప్పుకున్న స్వీకృతాలతో దాన్ని కాదనలేమని 1938లో తర్కవేత్త గోడెల్, అవుననీ తేల్చలేమని 1963లో గణితజ్ఞుడు కోహెన్ చూపారు. (ఆ స్వీకృతాల్లో వైరుధ్యం లేదన్న నమ్మకం మీదే ఇదంతా.) ఇది వృత్తం బాపతా, చతుర్భుజం బాపతా? గోడెల్ వృత్తం పక్షం: సమితుల లోకం ఒక్కటే, కొత్త స్వీకృతం దొరికితే జవాబు తేలుతుందన్నాడు. హామ్కిన్స్ వంటి బహుళవాదులు, అలాంటి లోకాలు ఎన్నో ఉన్నాయంటారు.

అయితే ఎవరి లెక్క వారిదేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. కర్ణం 60 అని చెప్పాక 2400 తప్ప మరో జవాబు లేదు. బహుళత్వం ప్రశ్నలో ఉంది, లెక్కలో లేదు. దీనికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది: చెప్పకపోయినా పొలానికి కర్ణం ఉండనే ఉంటుంది కదా? ఉంటుంది. గొలుసు పట్టుకెళ్లి మూల నుంచి మూలకు లాగితే తెలిసిపోతుంది. సమితుల లోకానికి అలా వెళ్లి లాగే నేల ఏదీ? ఒకే లోకం ఉందనేవారే దాన్ని చూపాలి, రుజువు బరువు వారిదేనని నా తీర్పు. 1963 నుంచి ఇప్పటిదాకా అందరూ ఒప్పుకునే కర్ణాన్ని ఎవరూ కొలిచి ఇవ్వలేదు.