విగ్రహం లేని చోట అభిమాని: కాండిస్ బ్రైట్జ్ వీడియో రూపచిత్రాలు

రూపచిత్రం ఎవరిదో వారి ముఖం అందులో ఉండాలన్నది చిత్రకళలో ఎవరూ పెద్దగా ప్రశ్నించని నియమం. జొహానెస్‌బర్గ్‌లో జన్మించి బెర్లిన్‌లో స్థిరపడిన కాండిస్ బ్రైట్జ్ ఆ నియమాన్ని తలకిందులు చేశారు. 2006లో ఆమె రూపొందించిన ‘వర్కింగ్ క్లాస్ హీరో’ అనే వీడియో కళాకృతికి ‘జాన్ లెనన్ రూపచిత్రం’ అన్నది ఉపశీర్షిక. అందులో లెనన్ ముఖం లేదు, గొంతూ లేదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో విడివిడిగా చిత్రీకరించిన 25 మంది అభిమానులు 25 తెరలపై కనిపిస్తూ, 1970 నాటి ‘ప్లాస్టిక్ ఓనో బ్యాండ్’ ఆల్బమ్‌ను వాద్య సహకారం లేకుండా ఆద్యంతం పాడతారు. మూల గానం చిత్రీకరణ వేళ వారి చెవులకు మాత్రమే వినిపించింది. అంతకు ముందు ఏడాది బాబ్ మార్లే కోసం జమైకాలో, మైకేల్ జాక్సన్ కోసం బెర్లిన్‌లో, మడోన్నా కోసం మిలాన్‌లో ఆమె ఇదే పద్ధతిని అనుసరించారు.

అభిమానం రూపచిత్రంలో ఎక్కడ కనిపిస్తుంది? జేమ్స్ మోలిసన్ ‘ది డిసైపుల్స్’ (2008) ఛాయాచిత్రాలలో అది వేషంలో కనిపిస్తుంది. కచేరీల వెలుపల అభిమానుల ఫొటోలు తీసి, వారిని ఒకే వరుసలో నిలిపినట్లు ఆయన కూర్చారు. చూపరి దుస్తులను, జుట్టును బట్టి తారను పోల్చుకుంటాడు. ఆ పోలిక దొరికాక చూపు ముందుకు సాగదు. బ్రైట్జ్ కృతిలో అభిమానానికి ఆధారం కాలం. దాదాపు 40 నిమిషాల గానంలో వాద్యం మాత్రమే నడిచే చోట్ల పాడేవారికి చేయవలసిన పని ఉండదు. చూపరికి అది నిశ్శబ్దం. వారి చెవిలో మాత్రం సంగీతం సాగుతూనే ఉంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తిరిగి అందుకోవాలో ఏళ్ల తరబడి విన్న శరీరానికి తెలుసు. ఈ కృతిలో అత్యంత విలువైనవి పాట లేని ఈ ఘట్టాలే.

ఆల్బమ్ ఎంపిక కూడా యాదృచ్ఛికం కాదు. లెనన్ తన 17వ ఏట, 1958లో తల్లిని కోల్పోయాడు. తల్లిదండ్రుల ఎడబాటును పాడే మొదటి పాట ఆక్రందనతో ముగుస్తుంది. ఆ అరుపును అభిమానులు తమ సొంత గొంతుతో ఎత్తుకోవాలి. దానికి శ్రుతి లేదు, అనుకరణ నిలవదు. ‘గాడ్’ అన్న పాటలో ఇబ్బంది ఇంకా లోతైనది. మతాలనూ ఎల్విస్‌నూ చివరికి బీటిల్స్‌నూ నమ్మనని లెనన్ ప్రకటించిన పాట అది. విగ్రహాలను కూల్చే పాటను విగ్రహారాధకులు శ్రద్ధగా వల్లిస్తున్నారని ఎగతాళి చేయడం తేలిక, కాని తొందరపాటు. తెలుగు సినీ అభిమాన సంఘాలపై ఎస్.వి. శ్రీనివాస్ 1996లో వెలువరించిన వ్యాసం శీర్షికలోనే భక్తినీ ధిక్కారాన్నీ పక్కపక్కన నిలిపింది. తెలుగులో ‘అభిమానం’ అన్న మాటకు ప్రీతి, స్వాతిశయం అన్న రెండర్థాలూ ఉండటం ఇక్కడ గమనార్హం. లెనన్ నిరాకరణను పాడే అభిమాని ఆ నిరాకరణలో తన స్వాతిశయాన్నీ పాడుకుంటున్నాడనుకోవచ్చు.

అయితే అభిమాన సంఘాలతో పోల్చినప్పుడే బ్రైట్జ్ పద్ధతిలోని లోపమూ బయటపడుతుంది. థియేటర్ ముందు బ్యానర్ కట్టే అభిమాని పదిమందిలో ఒకడు. ఆ పదిమందితో అతనికి పోటీ, తగవు, పెద్దరికం అన్నీ ఉంటాయి. న్యూకాజిల్ గాయకులు చిత్రీకరణలో కలిసి పాడనేలేదు. వారి బృందం పుట్టింది ఎడిటింగ్ గదిలో. ఒక్కో తెర ఒక్కొక్కరిని బంధిస్తుంది. కనుక ఈ కృతిని అభిమాన సమాజపు అధ్యయనంగా చదవడం పొరపాటు; ఇది ఒంటరి శ్రవణపు చిత్రణ.

2017లో మాంట్రియల్‌లో లెనార్డ్ కోహెన్‌పై చేసిన ‘ఐయామ్ యువర్ మ్యాన్’లో బ్రైట్జ్ ఈ వెలితిని కొంత గుర్తించినట్లుంది. 65 ఏళ్లు దాటిన 18 మంది పురుషులతో పాటు, కోహెన్ కుటుంబానికి చెందిన యూదు ప్రార్థనాలయపు గాయక బృందాన్నీ అందులో పాడించారు. కలిసి పాడటం అలవాటైన సమూహం ఒకటి అలా లోపలికి వచ్చింది. వృద్ధ అభిమానులు మాత్రం ఇంకా ఎవరి తెరపై వారే ఉన్నారు.