యూనిక్స్ కరదీపిక: కొత్తవాని దృష్టిలో

లినక్సు ఆపరేటింగు సిస్టమును తొలిసారి ఇన్‌స్టాలు చేయు విద్యార్థి, డిస్కును విభజించు ఘట్టము దాటగానే గండము గడచినదని తలచును. అసలు చిక్కు తరువాతనే. టెర్మినలు తెరచినచో ఒక గుర్తు మిణుకుమిణుకుమనుచు ఆజ్ఞకై వేచియుండును. ఏమి టైపు చేయవలెనో తోచదు. 'మాన్' అని కొట్టి కరదీపిక చదువుకొమ్మని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఒట్టి 'మాన్' అని కొట్టినచో, ఏ పుట కావలెనని ఆ ప్రోగ్రామే ఎదురు ప్రశ్న వేయును!

ఈ పుటల పద్ధతి 1971 నవంబరు 3వ తేదీ గల యూనిక్స్ కరదీపికతో వచ్చినది. బెల్ ప్రయోగశాలలలోని కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు దాని కర్తలు. పేరు, వాడుక, వివరణ, ఆపైన 'లోపములు' అను శీర్షిక. తమ ప్రోగ్రాములోని తప్పులను తామే అచ్చువేసి చెప్పుట మెచ్చదగిన నిజాయితీ. మన పాఠ్యపుస్తకములలో అట్టి శీర్షిక ఎన్నడైన కనబడినదా?

అయినను ఇది నిఘంటువే గాని వాచకము కాదు. పేరు తెలిసినవానికే పుట దొరకును. ఫైళ్ల జాబితా చూపు 'ఎల్ఎస్' ఆజ్ఞనే చూడుడు. నేటి లినక్సులో దాని పుట పదులకొలది ఐచ్ఛికములను అక్షరక్రమమున పేర్చును; ఉదాహరణ మొక్కటియు ఈయదు. మొదటి పాఠముననే కావలసిన 'ఎల్' అను ఐచ్ఛికము ఎక్కడో నడుమ దాగియుండును. ఫైలును తుడిచివేయు 'ఆర్ఎమ్' మరింత ప్రమాదకరము. అది సామాన్యముగా అనుమతి అడుగదు, చెత్తబుట్టలోను వేయదు.

కావున ఉపాధ్యాయుడు ముందుగా ఒక ఖాళీ డైరెక్టరీలో రెండు మూడు ఫైళ్లు చేయించి, వానిపై ఈ ఆజ్ఞలను నడిపించి, పిమ్మటనే కరదీపిక పుట తెరపింపవలెను.