రాయి, రేఖ, ఛాయ: అమరావతి చిత్రసాక్ష్యాలకు పాఠవిమర్శ దృష్టి

ఒక ప్రాంతపు గతాన్ని పునర్నిర్మించడంలో లిఖితాధారాలకు తెలుగు పరిశోధన మొదటి స్థానం ఇచ్చింది. శాసనం, కావ్యం, కైఫీయతు మూడింటినీ ప్రశ్నించి, పోల్చి, తూచి స్వీకరించే పద్ధతి ఇక్కడ బలంగా పాతుకుంది. పాత ఛాయాచిత్రాలు, రేఖాచిత్రాలు, శిల్పఖండాల విషయంలో మాత్రం ఆ జాగ్రత్త కనిపించదు. వాటిని గ్రంథంలో అలంకారంగా చేర్చడమో, చెప్పదలచుకున్న విషయానికి తిరుగులేని రుజువుగా చూపడమో జరుగుతున్నది. చిత్రం అబద్ధం చెప్పదన్న నమ్మకమే ఈ రెండు ధోరణులకూ మూలం. అమరావతి స్తూపానికి సంబంధించిన చిత్రసాక్ష్యాలు ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి తగినవి. రెండు శతాబ్దాలకు పైగా ఆ రాళ్లను గీశారు, తరలించారు, ఛాయాచిత్రాలు తీశారు, అచ్చువేశారు. ప్రతి దశలోనూ కొంత నిలిచింది, కొంత జారిపోయింది. తాళపత్ర గ్రంథాల పరిష్కరణకు తెలుగు పండితులు వాడిన పరికరాలతోనే ఈ పరంపరను చదవవచ్చునని, చదవవలసి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

దీపాలదిన్నె: మాతృక నశించిన ప్రతి

చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 18వ శతాబ్ది చివరిలో తన నివాసాన్ని అమరావతికి మార్చినప్పుడు, కొత్త కట్టడాలకు రాయి, ఇటుక కోసం అక్కడి దిన్నెను తవ్వించాడు. ఆ దిన్నెను స్థానికులు దీపాలదిన్నె అనేవారు. కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి అక్కడికి వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. పలకలు చెల్లాచెదురయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలకు చేరాయి. మెకంజీ బృందంలోని చిత్రకారులు మిగిలిన శిల్పాలను రేఖాచిత్రాలుగా గీశారు. ఆ చిత్రసంపుటం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ సంపుటంలో గీసిన రాళ్లలో కొన్ని ఆ తరువాత ఎక్కడా కనిపించలేదు. వాటికి ఆ రేఖాచిత్రమే ఏకైక ఆధారం. గ్రంథపరిష్కరణ పరిభాషలో ఇది మాతృక నశించి ఒకే ప్రతి మిగిలిన స్థితి. అటువంటి ప్రతిని ఏ పరిష్కర్తా త్రోసిపుచ్చడు, అలాగని గుడ్డిగా అనుసరించడు. లేఖకుడి అలవాట్లు, అతనికి తెలిసిన లిపి, తెలియని పదం ఎదురైనప్పుడు అతడు చేసే సవరణ, వీటిని మొదట గుర్తిస్తాడు. రేఖాచిత్రకారుడూ లేఖకుడే. అరిగిన ముఖానికి కన్నుముక్కు తీర్చడం, విరిగిన అంచును సాపు చేయడం అతని చేతిలో సహజంగా జరిగే పనులు. మూలమూ ప్రతీ రెండూ దొరికే పలకలలో ఈ అలవాట్లను ముందుగా పట్టుకోవచ్చు. మూలం నశించిన పలకల చిత్రాలను ఆ ఎరుకతో చదవవచ్చు. కాబట్టి రాయి లభించిన చిత్రాలు రాయి లభించని చిత్రాలకు వ్యాఖ్యానంగా పనిచేస్తాయి.

దీపాలదిన్నె అన్న పేరును కూడా ఈ సాక్ష్యాలలో చేర్చాలి. బౌద్ధం అక్కడి జీవితం నుంచి తొలగిపోయిన తరువాత, దిన్నె కింద ఏమున్నదో తెలియని కాలంలో కూడా, ఆ చోటుకు దీపాలతో ముడిపడిన పేరును జనం నిలుపుకున్నారు. అది పూర్వపు ఆరాధన జ్ఞాపకమో, తరువాతి కల్పనో నిర్ణయించడం కష్టం. ఏదైనా అది ఆ ప్రదేశం గురించి తెలుగులో నిలిచిన మాట. చిత్రసంపుటాలను పరిశీలించేవారు ఈ మాటను పక్కన పెట్టకూడదు.

1858: ఛాయాచిత్రం దేనికి సాక్షి?

1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ బయట పడి ఉన్నాయి. 1851లో ఏర్పడిన మద్రాసు మ్యూజియం బాధ్యుడు ఎడ్వర్డ్ బాల్ఫర్ వాటిపై శ్రద్ధ చూపాడు. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లినేయస్ ట్రైప్ వాటికి ఛాయాచిత్రాలు తీశాడు. మరుసటి ఏడాది ఆ రాళ్లు ఓడలో లండన్‌కు వెళ్లిపోయాయి.

ఈ ఛాయాచిత్రాలను నేడు అమరావతి శిల్పాల తొలి ఛాయాచిత్రాలుగా గౌరవిస్తారు. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే అవి దేనికి సాక్ష్యమో విడమరచి చెప్పుకోవాలి. ట్రైప్ కెమెరా ముందు ఉన్నది స్తూపం కాదు. స్తూపం నుంచి ఊడదీసి, బండ్లమీదా ఓడలమీదా తరలించి, పన్నెండేళ్లకు పైగా మద్రాసు వాతావరణానికి వదిలేసిన పలనాటి సున్నపురాయి. కనుక ఆ చిత్రాలు క్రీస్తుశకం తొలి శతాబ్దాల అమరావతికి పరోక్ష సాక్ష్యం, 1858 నాటి మద్రాసుకు ప్రత్యక్ష సాక్ష్యం. చిత్రంలో కనిపించే ఒక పగులు ప్రాచీనమైనదా, జమీందారు కాలపుదా, ప్రయాణంలో ఏర్పడిందా అన్నది ఛాయాచిత్రం తనంతట తాను చెప్పలేదు. 1816 నాటి రేఖాచిత్రంతోనూ, నేటి శిల్పంతోనూ కలిపి చూసినప్పుడే ఆ పగులుకు తేదీ దొరుకుతుంది. మూడు ప్రతులను ఎదురెదురుగా పెట్టి పాఠభేదాలు గుర్తించే పని ఇదే.

ఈ సందర్భంలో ఒక వ్యక్తి ప్రస్తావన అవసరం. మద్రాసులోని ఈ శిల్పాలపై 1856లో నివేదిక రాసినవాడు విలియం టేలర్. మద్రాసు గ్రంథాలయంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలకు మూడు సంపుటాల వివరణాత్మక సూచి కూర్చినవాడూ ఆయనే. ఆ గ్రంథాలలో మెకంజీ, బ్రౌన్ సేకరణలు ఉన్నాయి. ఒకే మనిషి, దాదాపు ఒకే కాలంలో, రాళ్లకూ తాళపత్రాలకూ పట్టికలు తయారుచేశాడు. ఆ రెండు పనులను ఆ తరువాతి కాలం వేరు చేసింది. పత్రాలు సాహిత్య శాఖలకు, రాళ్లు పురావస్తు శాఖకు వెళ్లాయి. సాహిత్య పరిశోధకుడు చిత్రాన్ని చదవడానికి సంకోచించడంలో ఈ విభజన ప్రభావం చాలా ఉంది.

పరిష్కర్త ఉద్దేశం

లండన్ చేరిన రాళ్లు ఫైఫ్ హౌస్ బండ్లశాలలో మరుగున పడి ఉండగా జేమ్స్ ఫెర్గుసన్ వాటిని గుర్తించి, 1868లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో సాంచి, అమరావతి రెండింటి శిల్పాలూ ఉన్నాయి. మెకంజీ నాటి రేఖాచిత్రాలనూ, కొత్తగా తీసిన ఛాయాచిత్రాలనూ జోడించి స్తూపపు రూపాన్ని ఊహించే ప్రయత్నం ఉంది. విడిపోయిన ముక్కలను ఒక వరుసలో పెట్టినందుకు ఈ గ్రంథాన్ని అమరావతికి తొలి పరిష్కృత ప్రతి అనవచ్చు.

పరిష్కర్తకు ముందే ఒక సిద్ధాంతం ఉంటే అది వరుసలోకి చొరబడుతుంది. వృక్షపూజ, సర్పపూజ అన్నవి ఫెర్గుసన్ గ్రంథానికి పేరులోనే ఉన్నాయి. ఆ దృష్టితో పేర్చిన చిత్రాలలో చెట్టూ పామూ ముందుకు వస్తాయి. అదే పలకమీద ఉన్న దాత, ఆమె కుటుంబం, ఆమె ఇచ్చిన దానం వెనక్కి పోతాయి. ఛాయాచిత్రాన్ని ఎవరూ మార్చలేదు. దాని పక్కన ఏ చిత్రం ఉన్నదో, కింద ఏ మాట ఉన్నదో అవే అర్థాన్ని నడిపించాయి. ప్రక్షిప్తం పద్యం లోపలే ఉండనక్కరలేదు, పద్యాల కూర్పులోనూ ఉండవచ్చునని ఈ ఉదాహరణ చూపుతుంది.

దీనికి భిన్నమైన మార్గం సి. శివరామమూర్తిది. 1942లో మద్రాసు మ్యూజియం ప్రచురించిన ఆయన గ్రంథం అమరావతి శిల్పాలలోని నగలు, వస్త్రాలు, ఆయుధాలు, ఆసనాలు, వాద్యాలను విడివిడిగా తీసుకుని, సాహిత్యంలోని పదాలతో సరిపోల్చింది. ఇక్కడ చిత్రం నిఘంటువుకు తోడయింది. కావ్యాలే ప్రధానాధారంగా సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రను నిర్మించిన తీరుకూ, శిల్పాన్నీ సాహిత్యాన్నీ ఎదురెదురుగా నిలిపిన ఈ తీరుకూ మధ్య సంవాదం జరగవలసి ఉంది. ఒకరికి వస్తువు పేరు దొరికి రూపం దొరకదు. మరొకరికి రూపం దొరికి ఆ కాలపు దేశిపదం దొరకదు.

రెండు ముఖాల ఫలకం, విరిగిన పదం

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి అండవేదిక ఫలకాలలో ఒకదానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు బోధివృక్షారాధన. క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దానికి దగ్గరగా చెక్కినదిగా దీన్ని భావిస్తారు. మరొకవైపు అలంకరించిన స్తూపం. అది క్రీస్తుశకం 3వ శతాబ్దికి చెందినది. పాత పలకను తిప్పి, వెనుక వైపు కొత్తగా చెక్కి వాడుకున్నారు. గ్రంథాలలో ఎక్కువగా కనిపించేది స్తూపం ఉన్న ముఖమే. ఆ ఒక్క చిత్రాన్నే చూసిన పాఠకుడికి, అమరావతి తనను తాను తిరగరాసుకున్న నగరమని తెలిసే అవకాశం లేదు. తాళపత్రానికి రెండు పుటలున్నాయని తెలిసిన పరిశోధకుడు రాతికి వెనుక వైపు అడగకపోవడం విచిత్రం.

తెలుగు భాషాచరిత్రకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ‘నాగబు’. అమరావతి ఫలకం ఒకదానిమీద ఈ పదాన్ని గుర్తించి, తొలి తెలుగు పదంగా నిలిపినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. పదాంతంలోని ‘బు’ ప్రత్యయం తరువాతి తెలుగు నామరూపాలను స్ఫురింపజేస్తుంది. వాదానికి బలం అక్కడే ఉంది. అయితే బుద్ధ శబ్దంతో కూడిన వ్యక్తినామాలు బౌద్ధ దానశాసనాలలో సాధారణం. ‘నాగబు’ ఒక పూర్తి పదమా, తెగిపోయిన ఒక పేరుకు మొదటి భాగమా అన్న సందేహం పండితులలో ఉన్నదే. ఈ ప్రశ్నకు సమాధానం వ్యాకరణం ఒక్కటే ఇవ్వలేదు. ‘బు’ తరువాత రాయి ఉన్నదా, ఉంటే నునుపుగా ఉన్నదా, విరిగి ఉన్నదా అన్నది చూడాలి. అంటే పలక అంచు చూపే స్పష్టమైన చిత్రం కావాలి. పాఠ్యపుస్తకాలలో పదం మాత్రమే పునరావృతమవుతున్నది. పదం చుట్టూ ఉన్న రాయి కనుమరుగైంది. గ్రంథపాతం ఉన్నచోట చుక్కలు పెట్టడం పరిష్కర్త ధర్మం. ఒక భాష తన తొలి పదంగా చెప్పుకునే మాట విషయంలో ఆ చుక్కలు పెట్టాలా వద్దా అన్నది చిన్న విషయం కాదు.

చిత్రంలో లేని ఊరు

ఈ సాక్ష్యాలన్నిటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. రాయి ఎంత స్పష్టంగా ఉంటుందో, ఊరు అంత అస్పష్టంగా ఉంటుంది. దిన్నెను తవ్విన కూలీలు, రాళ్లను కృష్ణ ఒడ్డుకు చేర్చిన బండ్లవారు, శాసనాలు చదవడానికి తోడ్పడిన పండితులు చిత్రం చట్రానికి వెలుపల నిలిచారు. కావలి సోదరుల వంటి సహాయకుల పేర్లు మెకంజీ కాగితాల వల్లనే మనకు మిగిలాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిన్నెను పూర్తిగా తొలగించి గుంటగా మిగిల్చినప్పుడు, చుట్టూ బతుకుతున్న మనుషులకు ఆ దృశ్యం ఎలా కనిపించిందో చెప్పే చిత్రం ఈ సంపుటాలలో వెదికినా దొరకదు.

ఆ లోటును వేరే రకంగా పూరించినది కథాసాహిత్యం. శంకరమంచి సత్యం అమరావతి కథలు, బాపు బొమ్మలతో కలిసి, గుడినీ రేవునూ వీధినీ మనుషులతో నింపాయి. వాటిని చారిత్రక పత్రాలుగా వాడరాదు. కాని ట్రైప్ ఛాయాచిత్రం పక్కన ఆ కథలను ఉంచితే, ఒకదానిలో లేనిదేమిటో మరొకటి తేటతెల్లం చేస్తుంది. ప్రాంతపు గతం అన్న మాటలో రాయి ఎంత, ఊరు ఎంత అన్న ప్రశ్నను సాహిత్య విమర్శ లేవనెత్తగలదు, లేవనెత్తాలి.

ముగింపు

ఆశ్వాసాంత గద్య లేకపోతే అనేక కావ్యాల కర్తృత్వం వివాదంలో పడేది. ఛాయాచిత్రానికి కింద ఉండే వివరం అటువంటి గద్య. ఎవరు తీశారు, ఏ సంవత్సరం, వస్తువు అప్పుడు ఎక్కడ ఉంది, ఇప్పుడు ఎక్కడ ఉంది, చూపనిది ఏ వైపు అన్న అయిదు అంశాలు లేని చిత్రాన్ని ఆధారంగా స్వీకరించడం, గద్య చిరిగిన ప్రతిని కవికి అంటగట్టడం వంటిది. అమరావతి రాళ్లు నేడు చెన్నైలో, లండన్‌లో, కోల్‌కతాలో, అమరావతిలోని మ్యూజియంలో చీలిపోయి ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చడం పరిశోధకుల చేతిలో లేదు. రేఖాచిత్రం, ఛాయాచిత్రం, శిల్పం మూడింటినీ ఫలకం వారీగా పోల్చి, పాఠభేదాలతో తెలుగులో ఒక సూచి తయారుచేయడం మాత్రం వారి చేతిలోనే ఉంది. తాళపత్రాలకు పూర్వపండితులు చేసిన సేవ రాళ్లకూ అందినప్పుడు, ‘నాగబు’ పూర్తి పదమో కాదో తేల్చుకోవడానికి కనీసం సరైన చోట నిలబడి చూసినట్లవుతుంది.