ఎల్లయు నీరును: ఒక సరిహద్దు పరిష్కారముపై విమర్శ

ఇరుగుపొరుగు రాజ్యములకు హద్దు గీయుట ఒక యెత్తు. గీసిన పిదప దానికి ఇరువైపుల మర్యాదగా మనుట మరియొక యెత్తు. ఈ భేదము నెరుగుటకు దూరదేశముల చరిత్ర వెదకనక్కరలేదు. మన ఆంధ్ర తమిళ సరిహద్దే చాలును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. మదరాసు మనకు దక్కదయ్యెను. చిత్తూరు, చెంగల్పట్టు జిల్లాల నడిమి యెల్ల వివాదముగా నిలిచెను. మధ్యవర్తియైన పటాస్కరు గ్రామమును ప్రమాణముగా గైకొని, భాషాబాహుళ్యమును, భూమి ఆనుకొని యుండుటను పరిశీలించెను. 1959 నాటి చట్టము 1960 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. తిరుత్తణి అటు పోయెను. సత్యవేడు ప్రాంత మిటు వచ్చెను.

ఇందలి గుణము స్పష్టము. అరువదేండ్లు దాటినను ఆ గీత చెదరలేదు. 2004లో సుప్రీంకోర్టు కెక్కిన బెళగాం తగవును తలచినచో దీని విలువ తెలియును.

లోపమును కలదు. గ్రామమును కొలిచిన సూత్రము ఇంటిని కొలువలేదు. ఊరిలో నూటికి అరువదిమంది ఒక భాషవారైనచో తక్కిన నలువదిమంది గతి యేమి? తమిళమును బడులలో నిర్బంధ పాఠ్యముగా జేసిన 2006 నాటి చట్టము పిదప, ఇచటి మన పిల్లలకు తెలుగక్షరము దూరమగుచున్నది. పొరుగుభాష నేర్చుట మేలే. తల్లిభాష మరచుట మేలు కాదు.

నీటికిని ఆ గీత అడ్డు కాజాలదు. ఆరణియారు చిత్తూరు సీమ కొండలలో పుట్టి తమిళదేశమున ప్రవహించును. ఈ సత్యమును గ్రహించినది 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా నుండగా కుదిరిన ఆ ఒప్పందము ననుసరించి, కృష్ణానది 15 టి.ఎం.సి.లలో ఆవిరి మొదలగు నష్టములు పోగా 12 టి.ఎం.సి.లు సరిహద్దు చేరవలెను. 1996లో తొలినీరు వచ్చెను. ఆ నీరు పూండి జలాశయము మీదుగా ఈ నగరమునకు అందుచున్నది. చింతాద్రిపేటలో బిందె పట్టుకొని నిలిచినవారిని ఏ భాషవారని కుళాయి అడుగదు.

గుమాస్తాగిరిలో తల నెరిసినవాడను. ఒప్పందము సంతకముతో ముగియదనియు, దస్త్రము కదలినపుడే బ్రదుకుననియు ఎరుగుదును. నీటికై ఉత్తరములు నడచినట్లే బడికై నడువవలదా? చిత్తూరు సీమలోని తమిళ బాలునికి ఆంధ్ర ప్రభుత్వమును, చింతాద్రిపేటలోని తెలుగు బాలికకు తమిళ ప్రభుత్వమును పూచీపడిననాడే 1960లో గీసిన గీత సంపూర్ణమగును. అంతవరకు అది పటముపై పరిష్కారమే కాని ప్రజల పరిష్కారము కాదు.